కవర్లో పెట్టిన ఓటు

మొన్న ఆదివారం మా అక్క మనవరాలు సోఫాలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని, ఫోన్‌లో ఓటరుగా పేరు నమోదు చేసుకుంది. రాజమండ్రిలో కాలేజీ చదువు కోసం ఆ పిల్ల మా ఇంట్లోనే ఉంటోంది. ఈమధ్యనే పద్దెనిమిది నిండాయి. మా రోజుల్లో ఆ పనికి మండలాఫీసు వరండాలో చెప్పులరిగేలా తిరగవలసి వచ్చేది. ఇదేమో వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటూ, మధ్యమధ్యలో ఎవరితోనో కబుర్లాడుతూ పావుగంటలో కానిచ్చేసింది. అందులో పది నిమిషాలు తన ఫొటో తనకి నచ్చకపోవడానికే సరిపోయాయి. అన్నీ నింపేసి, ఆఖరి బటన్ నొక్కబోతూ నా వంక చూసి, "తాతయ్యా, నిజం చెప్పు. నువ్వెప్పుడైనా దొంగ ఓటు వేశావా?" అంది. మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. "ఒక్కటి కూడా వేయలేదమ్మా" అన్నాను. అది అక్షరాలా నిజం. ఎవరి మీద ప్రమాణం చేయమన్నా చేస్తాను. అయినా ఆ మాట అన్న తర్వాత చేతిలో ఉన్న పేపరులో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. దాన్ని మడిచి పక్కన పెట్టి వరండాలోకి వచ్చి కూర్చున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఆ పిల్ల మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

మాది కొవ్వూరుకి దిగువన, కాలువ గట్టు మీద ఊరు. మా నాన్నగారి చెల్లెలిని ఆ ఊళ్ళోనే ఇచ్చారు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు వీధులు. ఊళ్ళో సంబంధమంటే ఒక సుఖం, ఒక కష్టం. ఈ ఇంట్లో కూర మాడితే ఆ ఇంట్లో తెలిసిపోతుంది. మా అత్తయ్య పొట్టిగా, చురుగ్గా ఉండేది. ఐదో తరగతితో చదువు మాన్పించేశారు గానీ, అక్షరం కనబడితే వదిలే మనిషి కాదు. పొద్దున్న మావయ్య పేపరు చదివి మడిచి పెట్టేశాక, మధ్యాహ్నం భోజనాలైన తర్వాత అది అత్తయ్య చేతికి వచ్చేది. మొదటి పేజీ నుంచి చివర కాంట్రాక్టర్లని పిలిచే ప్రకటనల దాకా వదిలిపెట్టకుండా చదివేది. ఏ మంత్రి ఏ శాఖ చూస్తున్నాడో మా హైస్కూలు మాస్టార్లకి తెలియకపోయినా అత్తయ్యకి తెలిసేది. నేను డిగ్రీ చదివే రోజుల్లో నన్ను కూర్చోబెట్టి, మన ఎమ్మెల్యే అసెంబ్లీలో ఈ ఏడాది ఎన్నిసార్లు నోరు విప్పాడో చెప్పమనేది. నాకు తెలిసేది కాదు. "ఏం చదువుతున్నావురా మరి?" అని నవ్వి, చేతిలో రెండు తాటిముంజలు పెట్టి పంపేది.

అంత చదివే మనిషి కూడా ఓటు దగ్గరకొచ్చేసరికి మావయ్య మాట జవదాటేది కాదు. పోలింగు రోజు మా మావయ్య తెల్లవారుజామునే తలంటుకుని, మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని బయల్దేరేవాడు. ఆయన వెనక ఇంట్లో ఆడవాళ్ళంతా వరసగా నడిచేవాళ్ళు. స్కూలు గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి, వెనక్కి తిరిగి, పెదవి కదిలీ కదలనట్టు ఒక గుర్తు పేరు చెప్పేవాడు. అంతే, అదే ఆ ఇంటి ఓటు. ఒకసారి నేను ఏడిపిద్దామని, నీకు ఇష్టమైనవాళ్ళకి వేసుకోవచ్చు కదా, లోపల ఎవరు చూస్తారని అడిగాను. అత్తయ్య తన వేలి మీద చుక్క చూపించి, "సిరా నాదిరా, ఓటు మీ మావయ్యది" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మావయ్య చెడ్డవాడు కాదు. ఇంట్లో ఏ కూర వండాలో, ఏ దూడని అమ్మాలో భార్యని అడగకుండా చేసేవాడు కాదు. ఇది మాత్రం అడగవలసిన సంగతని ఆయనకి తట్టలేదు. ఆ కాలంలో మా ఊళ్ళో ఏ మగవాడికీ తట్టలేదు.

తొంభైల మొదట్లో ఒక మాఘమాసంలో మావయ్యకి గుండెల్లో నొప్పి వచ్చింది. కారులో వంతెన దాటించి రాజమండ్రి తీసుకువెళ్ళాం, మర్నాటికి అదే కారులో తీసుకొచ్చేశాం. కర్మలన్నీ అయ్యాక జంగారెడ్డిగూడెంలో ఇచ్చిన వాళ్ళమ్మాయి తన పిల్లల చదువుల కోసం వెళ్ళిపోయింది. పక్క వాటాలో మావయ్య తమ్ముడి కుటుంబం ఉండేది. అత్తయ్య వెనక గదిలో మూల కూర్చుంది. మా ఇళ్ళలో అది పద్ధతి. భర్త పోయిన మనిషి ఇంట్లో ఒక మూలన ఉండాలి. పుట్టింటివాళ్ళు మంచిరోజు చూసుకుని వచ్చి, కొత్త చీర పెట్టి, తమ ఇంటికి ఒక రాత్రి నిద్రకి తీసుకెళ్ళాలి. అప్పటిదాకా ఆ మనిషి గడప దాటకూడదు, ఎవరికీ ఎదురు పడకూడదు. ఇంతకీ పుట్టింటివాళ్ళం అంటే మేమే. మూడో నెలలో తీసుకురావాలని మా నాన్న రోజు కూడా చూసి పెట్టాడు.

ఈలోగా ఎన్నికలు వచ్చి పడ్డాయి. మా ఇల్లే పార్టీకి వంటశాల అయిపోయింది. వసారా నిండా జెండా కర్రలు, మైదా వాసన వేసే పోస్టర్లు, పొద్దున్నే పెద్ద గుండిగలో ఉప్మా. ఇంటికొచ్చే జనానికీ పోయే జనానికీ లెక్కలేదు. "ఈ గొడవ అయిపోయాక తీసుకొద్దాంలే చెల్లాయిని" అన్నాడు నాన్న. అమ్మ సరేనంది. నేనూ సరేనన్నాను. అసలు కారణం ముగ్గురికీ తెలుసు. ప్రచారానికి బయల్దేరేవాళ్ళకి అత్తయ్య ఎదురు వస్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారని. పైకి ఎవరం అనలేదు. అనకపోవడంతో అది మర్యాదలాగే కనిపించింది. అలా ఆవిడ మూలన కూర్చునే రోజులు ఇంకో నెల పెరిగాయి.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. బి.ఇడి. పూర్తి చేసి టీచరుద్యోగం కోసం ఎదురు చూస్తున్నాను, అంటే ఏ పనీ లేదన్నమాట. మా ఊళ్ళో పార్టీ వ్యవహారాలన్నీ చూసే రైస్ మిల్లు ఆసామి నన్ను పిలిచి, "ఊళ్ళో అందరి మొహాలూ తెలిసినవాడివి, బూత్‌లో ఏజెంటుగా నువ్వు కూర్చోవాలి" అన్నారు. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. కొత్త చొక్కా కుట్టించుకున్నాను. జేబుకి బ్యాడ్జీ పెట్టుకుని అద్దంలో రెండుసార్లు చూసుకున్నాను. బూత్ ఏమో నేను ఒకటో తరగతి చదివిన స్కూలు. ఆ గదిలోనే ఎక్కం అప్పజెప్పలేక గోడకుర్చీ వేశాను. అవతలి పార్టీ ఏజెంటు కూడా నాతో ఆ గోడకుర్చీ వేసినవాడే. మైకుల్లో మా పార్టీలు తిట్టుకునేవి గానీ మేమిద్దరం ఒకే సోడా పంచుకుని తాగేవాళ్ళం.

ఏజెంట్ల మధ్య అప్పట్లో ఒక ఒప్పందం ఉండేది. ఎక్కడా రాసుకోరు, ఎవరూ నేర్పరు, అయినా ప్రతి ఊళ్ళోనూ ఉండేది. చచ్చిపోయినవాళ్ళ పేర్లు, ఊరొదిలి వెళ్ళినవాళ్ళ పేర్లు జాబితాలో కొన్ని మిగిలిపోతాయి కదా. మధ్యాహ్నం దాటాక నువ్వు నాలుగు వేయించుకో, నేను నాలుగు వేయించుకుంటాను. నీ మనిషిని నేను కాదనను, నా మనిషిని నువ్వు కాదనకు. అప్పటికింకా ఫొటో కార్డులు రాలేదు. ఏజెంటు మనవాడే అంటే మనవాడే. ఆ పొద్దున్న స్కూలు వెనక బోరింగు దగ్గర మొహం కడుక్కుంటూ నేనూ అవతలి ఏజెంటూ ఆ మాట అనుకున్నాం. దాన్ని మేం దొంగ ఓటు అనేవాళ్ళం కాదు. ఓటు వృథా పోకుండా చూడటం అనేవాళ్ళం. దొంగ ఓట్లు పక్క ఊళ్ళో వేసేవాళ్ళు.

పన్నెండింటికి మా పార్టీవాళ్ళు పులిహోర పొట్లాలు పంపించారు. వాటి వెనకే మిల్లు ఆసామి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి నన్ను పిలిచారు. "మీ అత్త ఓటు ఉండిపోయిందిరా. మూలనున్న మనిషి, ఎలాగూ రాదు. ఎందుకు పోగొట్టుకోవడం? నేనో మనిషిని పంపిస్తాను, నువ్వు ఊ అను చాలు" అన్నారు. నాకు ఒక్క క్షణం ఏదోలా అనిపించింది. తప్పని అనిపించలేదు, అబద్ధం చెప్పి గొప్పలు పోను. ఇబ్బందిగా అనిపించింది, అంతే. మావయ్య ఉంటే ఆ గుర్తుకే వేయించేవాడు కదా అని సర్దుకున్నాను. ఒక రకంగా ఆ ఇంటికి మేలే చేస్తున్నాననుకున్నాను. "సరేనండి" అన్నాను.

ఆ మనిషి వచ్చింది. మిల్లు కళ్ళంలో ధాన్యం ఎండబోయడానికి పొరుగూరు నుంచి వచ్చే ఆవిడ. ఎవరో మంచి చీర కట్టించారు, కొంగు నెత్తి మీదుగా కప్పుకుంది. ప్రిసైడింగ్ ఆఫీసరుగా వచ్చినాయన తుని వైపు ఏదో ఊళ్ళో మాస్టారు. బక్కపల్చగా ఉండి, మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని, పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళందర్నీ అండి, గారు అని పలకరిస్తున్నాడు. పేరు చదివారు. ఆవిడ అప్పజెప్పినట్టు మా అత్తయ్య పేరు చెప్పింది. మాస్టారు మా బల్ల వైపు తిరిగి, "ఈవిడ మీకు తెలుసాండి?" అన్నారు. "మా అత్తయ్యేనండి" అన్నాను. అవతలి ఏజెంటు తల వంచుకుని పెన్సిల్ చెక్కుకున్నాడు. ఆవిడ వేలికి సిరా పెట్టారు, కాగితం ఇచ్చారు, అట్టల చాటుకి వెళ్ళి ముద్ర వేసి తెచ్చి పెట్టెలో వేసింది. వెళ్తూ వెళ్తూ నా వైపు భయంగా చూసింది. పాపం ఆవిడకి ఆ పని నచ్చలేదని ఇప్పుడనిపిస్తుంది. నేను జాబితాలో అత్తయ్య పేరు మీద గీత పెట్టి, పొట్లం విప్పి పులిహోర తిన్నాను. ఇంగువ వేసి, ఆవ పెట్టి చాలా బాగా చేశారు. ఆ రుచి నాకు ఈరోజుకీ గుర్తుండటమే నాకు గిట్టదు.

మూడింటికి ఎండ మండిపోతోంది. రెండో పంట దాళ్వా కోతలైపోయి కాలువలు కట్టేసిన రోజులు. గట్టు కింద కాలువలో నీటి చుక్క లేదు, మురుగు వాసన గాలికి లోపలికి కొడుతోంది. ఓటర్లు ఎవరూ లేరు. కాగితాలిచ్చే అమ్మాయి కునికిపాట్లు పడుతోంది, మాస్టారు తువ్వాలు తడిపి తల మీద వేసుకున్నారు. అప్పుడు గుమ్మంలో నీడ పడితే తలెత్తాను. మా అత్తయ్య. బొట్టు లేని ఆ మొహాన్ని పగటి వెలుతురులో చూడటం నాకదే మొదటిసారి. మూడు నెలల్లో మనిషి సగమైపోయింది. ముతక చీర, చెవులకి ఏమీ లేవు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన ఓటరు చీటీ. వీధిలోంచి కాదు, పశువుల పాకల వెనకనుంచి వచ్చింది, పాదాలకి పేడా మట్టీ అంటుకుని ఉన్నాయి. తర్వాత తెలిసింది, ఆ రోజు ఐదింటికే లేచి స్నానం చేసి తయారై కూర్చుందట. ఓటుకని శుభమా అంటూ వెళ్ళేవాళ్ళకి తను ఎదురు కాకూడదని, వీధి ఖాళీ అయ్యేదాకా, ఎండకి కుక్క కూడా తిరగని వేళ దాకా ఆగిందట. పొద్దున్నే వచ్చి ఉంటే ఆ ఓటు ఆవిడకి దక్కేది.

కాగితాలమ్మాయి చీటీ చూసి, "ఈ నెంబరు అయిపోయిందండి" అంది. అత్తయ్య చిన్నగా నవ్వి, "నాది అవ్వలేదమ్మా, ఇప్పుడేగా వచ్చాను" అని ఎడమచేతి వేలు చూపించింది. మాస్టారు లేచి దగ్గరికి పిలిచారు. పేరు అడిగారు, చెప్పింది. భర్త పేరు అడిగారు. అత్తయ్య ఒక క్షణం ఆగి, నేల చూస్తూ, మావయ్య పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆయన పేరు ఆవిడ నోట నేను విన్నది అదొక్కసారే. "మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారామ్మా ఇక్కడ?" అన్నారు మాస్టారు. అత్తయ్య మొహం విప్పారింది. నా వైపు చెయ్యి చూపించి, "అదిగోండి, మావాడే. మా అన్నయ్య కొడుకు. వాణ్ణడగండి" అంది.

బల్ల కింద అవతలి ఏజెంటు మోకాలు నా మోకాలికి తగిలింది. చెప్పకు అనో, చెప్పు అనో ఇప్పటికీ నాకు తెలియదు. "మా అత్తయ్యేనండి" అన్నాను. మూడు గంటల క్రితం అన్న మాటే, ఒక్క అక్షరం తేడా లేకుండా. మాస్టారు నా వైపు చూశారు. పలక ఎవడు పగలగొట్టాడో తెలిసి కూడా వాడే లేచి చెప్తాడని ఎదురుచూసే మాస్టారి చూపు అది. కావాలంటే బయట ఉన్న పోలీసుని పిలవచ్చు. పిలవలేదు. "కూర్చోండమ్మా" అని తన కుర్చీ ఆవిడకి ఇచ్చి, సంచీలోంచి ఇంకో కాగితం తీసి, దాని వెనక ఏదో రాశారు. దాన్ని టెండరు ఓటు అంటారు. నీ పేరున ఇంకెవరో ఓటు వేసేసి ఉంటే, నువ్వే అసలు మనిషివని తేలితే, అది ఇస్తారు. అత్తయ్య రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో నిదానంగా సంతకం చేసింది, వేలికి సిరా పెట్టించుకుంది, అట్టల చాటుకి వెళ్ళింది. లోపల చాలాసేపు ఉంది. ఎప్పుడూ గేటు దగ్గర ఆగిపోయిన ఆలోచన అక్కడ పూర్తి చేసుకుంటోందేమో.

కాగితం జాగ్రత్తగా మడిచి పట్టుకుని వచ్చి, పెట్టె దగ్గరికి వెళ్ళింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి, "ఇలా ఇవ్వండమ్మా. ఇది కవర్లో పెట్టాలి" అన్నారు. "అందరూ పెట్టెలోనే వేశారు కదండీ." "మీ పేరున ఒకటి ముందే పడిపోయిందమ్మా. రెండోది పెట్టెలో వేయడానికి వీల్లేదు." అత్తయ్య చేతిలోని కాగితం వంక చూసుకుంది. "మరి దీన్ని లెక్కపెడతారాండి?" అంది. ఆయన అబద్ధం చెప్పి పంపేయచ్చు. అలాంటి మనిషి కాదు. "మామూలుగా లెక్కలోకి రాదమ్మా. ఎవరైనా కోర్టుకి వెళ్తే అప్పుడు తీస్తారు" అన్నారు. అత్తయ్య ఇంకా ఆ కాగితం వదల్లేదు. గది అంతటినీ ఉద్దేశించి అన్నట్టు, "నా పేరు చెప్పుకుని ఎవరొచ్చారండి? మావాడు పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాడు కదా" అంది.

నేను జాబితాలో ఆవిడ పేరు మీద గీసిన గీతనే మళ్ళీ గీస్తున్నాను. తలెత్తలేదు. ఎంతసేపు నిలబడిందో తెలియదు. "సరే అయితే. పెట్టుకోండి" అన్న మాట వినబడింది. కవరు అంటించిన చప్పుడు వినబడింది. తలెత్తేసరికి గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రానికి ఊరంతా గుప్పుమంది. ఓటు సంగతి కాదు, అది ఎవరికీ పట్టలేదు. పుట్టింటివాళ్ళు నిద్రకి తీసుకెళ్ళకుండానే ఫలానావారి భార్య గడప దాటిందని. మా నాన్న కంచం ముందు కూర్చుని అన్నం కలపలేదు. "మేం చచ్చామా? నాలుగు రోజులు ఆగలేకపోయిందా? అంత ముంచుకొచ్చిందేంటి దానికి?" అన్నాడు. అమ్మ తన తరపు చుట్టాలు ఏమంటారో వరసగా చెప్పింది. ఆ ఇంట్లో మావయ్య తమ్ముడు వారం రోజులు అత్తయ్యతో మాట్లాడలేదట. పద్ధతి తప్పింది కాబట్టి మళ్ళీ రోజు చూడాలన్నారు; చూసేసరికి ఆషాఢం వచ్చింది, శ్రావణం దాకా ఆగమన్నారు. అప్పటిదాకా అత్తయ్య మళ్ళీ ఆ మూలనే కూర్చుంది. ఆవిడ అంత నింద పడి, అంత ఎండలో వచ్చి తెచ్చుకున్నది ఏంటో, దాన్ని ఎవరు పోగొట్టారో ఆ కంచం ముందు నేను ఒక్క వాక్యంలో చెప్పగలిగేవాణ్ణి. అమ్మ మజ్జిగ పోస్తుంటే చాలని చెయ్యి అడ్డం పెట్టాను. ఆ పూట నేను చేసిన పని అదొక్కటే.

ఫలితాలొచ్చాయి. మా పార్టీ అభ్యర్థి బోలెడు మెజారిటీతో గెలిచాడు. మిల్లు ఆసామి తన మెళ్ళో దండ తీసి నాకు వేశారు, లారీ ఎక్కించి ఊరంతా తిప్పారు. ఒక్క ఓటు అటో ఇటో పడితే ఒరిగేదేం లేదని ఆ అంకెలు చూసి నన్ను నేను సముదాయించుకున్నాను. చాలా ఏళ్ళు ఆ మెజారిటీని పట్టుకు వేలాడాను. తర్వాత టీచరుద్యోగం వచ్చింది. ఉద్యోగంతో పాటే ఎలక్షన్ డ్యూటీలు వచ్చాయి. ఏజెన్సీ కొండల్లో, లంక గ్రామాల్లో ఎన్నో బూతుల్లో కూర్చున్నాను. ఏరు దాటి వచ్చినవాళ్ళని చూశాను, కొడుకు భుజాల మీద వచ్చిన ముసలమ్మని చూశాను. వాళ్ళెవరూ తమ ఓటుతో ప్రభుత్వం పడిపోతుందని వచ్చినవాళ్ళు కారు. ఈ దేశంలో తామూ ఒకరని, తమ పేరు ఒకరు పైకి చదువుతారని వచ్చారు. కొంగు నెత్తి మీదుగా కప్పుకున్న ఆడమనిషి ఎవరొచ్చినా నేను ముందు ఆవిడని చూసేవాణ్ణి కాదు. ఏజెంట్ల మొహాలు చూసేవాణ్ణి.

అత్తయ్య నాతో ఎప్పటిలాగే ఉంది. అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. ముంజలు పెట్టేది, పేపరులో విశేషాలు అడిగేది, నా పెళ్ళిలో అందరికన్నా ఎక్కువ హడావిడి చేసింది. ఒక్కటే మారింది. ఆ తర్వాత ఏ ఎన్నికలొచ్చినా, పంచాయతీ కానీ పార్లమెంటు కానీ, తెల్లారగట్టే స్కూలు గేటు దగ్గర ఉండేది. పార్టీ టెంట్లు వేసేవాళ్ళు కూడా రాకముందే లైనులో మొదటి మనిషి మా అత్తయ్య. ఎవరో ఒకరు ఎదురు వస్తుందేమోనని మొహం తిప్పుకున్నా ఇక పట్టించుకోలేదు. మిషన్లు వచ్చిన ఏడు ఓటేసి వచ్చి, "నొక్కితే కుయ్యిమంది, అంతే. చేత్తో కాగితం మడిచిన తృప్తి లేదురా" అని పెదవి విరిచింది. అదే ఆవిడ వేసిన ఆఖరి ఓటు.

ఆ మరుసటేడు మంచాన పడింది. కూతురు వచ్చి జంగారెడ్డిగూడెం తీసుకెళ్ళింది. ఒక శనివారం కొవ్వూరులో బస్సెక్కి చూడటానికి వెళ్ళాను. దారి పొడుగునా పామాయిల్ తోటలు, జీడిమామిడి తోటలు. వాటిని చూస్తూ, ఏం చెప్పాలో ఎలా చెప్పాలో మనసులో దిద్దుకుంటూనే ఉన్నాను. పిల్లలకి పాఠం చెప్పుకు బతికేవాణ్ణి, ఆ ఒక్క వాక్యం మాత్రం కుదరలేదు. కూతురు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. అత్తయ్య మంచం మీద గోడకి చేరబడి ఉంది, పక్కన మడిచిన పేపరు. "అత్తయ్యా, ఆ వేళ స్కూల్లో నీ ఓటు..." అని ఆగిపోయాను. ఆవిడ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, "తెలుసురా" అంది. ఎప్పుడు తెలిసిందని అడిగాను. "ఆ మాస్టారు నీ వంక చూశాడే, అప్పుడే." మరి ఇన్నేళ్ళూ ఎందుకు అనలేదంటే, "అంటే ఏం చేస్తావు? ఏడుస్తావు. మీ నాన్న నిన్ను చావగొడతాడు. నీకు ఉద్యోగం కూడా రాలేదాయె అప్పటికి" అని నవ్వబోయి దగ్గింది. నేను నిజంగానే ఏడ్చాను. నలభై దాటిన మనిషిని, గోడకేసి మొహం తిప్పుకుని పిల్లాడిలా ఏడ్చాను.

కాసేపటికి, ఇంతకీ ఆ రోజు ఎవరికి వేశావని అడిగాను. "గుర్తు లేదురా. అప్పుడు మాత్రం ఎంత ఆలోచించానో. మూలన కూర్చుని పాత పేపర్లన్నీ మళ్ళీ చదివాను. నాకు నేనుగా ఓటు వేయడం అదే మొదలు కదా. రేపు పొద్దున్న ఎవరైనా అడిగితే ఎందుకు వేశానో చెప్పేలా ఉండాలనుకున్నాను. ఇప్పుడు పేరే గుర్తు రావట్లేదు" అంది. దుప్పటి అంచు సర్దుకుంది. తర్వాత, కోపం లేకుండా, ఎప్పటినుంచో తెలుసుకోవాలనుకున్నది తెలుసుకుంటున్నట్టు, "వస్తావా అత్తయ్యా, రావా అని ఒక్కసారి నన్నడగొచ్చు కదా. రెండు వీధులేగా. నేను రానని నువ్వెలా అనుకున్నావు?" అంది.

పోలింగుకి రెండు రోజుల ముందు ఓటరు చీటీల కట్ట పట్టుకుని ఊళ్ళో ప్రతి గడపకీ వెళ్ళినవాణ్ణి నేనే. కళ్ళు కనబడని ముసలివాళ్ళకి కూడా దణ్ణం పెట్టి, తప్పకుండా రావాలండి, మీ ఓటు మీరే వేసుకోవాలండి అని చెప్పినవాణ్ణి నేనే. అత్తయ్య ఇంటి చీటీలన్నీ కలిపి వీధిలో ఎదురైన మావయ్య తమ్ముడి చేతిలో పెట్టేశాను. ఆ ఇంట్లోకి వెళ్ళలేదు. మూలనున్న మనిషి దగ్గర నిలబడటానికి మొహం చెల్లక కొంత, తొందర కొంత. ఆ మాటే అత్తయ్యతో చెప్పాలని నోరు తెరిచేసరికి ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది, అలిసిపోయింది. సాయంత్రం బస్సుకి వచ్చేశాను. ఇంకో పద్దెనిమిది రోజులకి, వానల్లో, కబురొచ్చింది.

రెండు వీధులు నడిచి వెళ్ళి ఆ ఒక్క మాట అడిగి రావడానికి అయిదు నిమిషాలు పట్టేది. ఆ రోజు నాకు అంత తీరిక లేకపోయింది. ఇప్పుడు రిటైరై కూర్చున్నాను, పొద్దు గడవనంత తీరిక ఉంది, ఆ వెనక గదిలో అడగడానికి మాత్రం ఎవరూ లేరు.